పేరు పెట్టి పిలవని మనిషి

జోగులమ్మగారికి కోపం వస్తే నర్సీపట్నం మార్కెట్టు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ వీధిలో ఆవిడది చింతపండు, పసుపు, అడ్డాకుల విస్తళ్ళు అమ్మే కొట్టు. నేను గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రం బడి నుంచి వస్తూ ఆ కొట్లో స్టూలు మీద కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. కోపిష్టి మనుషులంటే నాకు ఇష్టం. వాళ్ళ పక్కన ఉంటే నేను శాంతమూర్తిలా కనిపిస్తాను.

ఆవిడకో నేస్తం ఉండేది. మా వైపు నేస్తమంటే ఉత్త స్నేహితురాలు కాదు. ఇద్దరు ఆడవాళ్ళు పెద్దల ముందు ఒకరికొకరు చీరలు పెట్టుకుని నేస్తం కట్టుకుంటారు. ఇక అక్కణ్ణించి ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. జోగులమ్మగారి నేస్తం తలుపులమ్మ, చింతపల్లి పైన కొండ ఊళ్ళో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అడ్డాకులు మోసుకొచ్చి ఈ కొట్టుకి వేసేది. తర్వాత కాఫీ, మిరియాల తోట వేసి నిలదొక్కుకుంది. కిందికి దిగినప్పుడల్లా అన్నం మాత్రం ఈ కొట్లోనే. ఎప్పటికైనా ఇద్దరం విమానం ఎక్కాలని అన్నాలు తింటూ అనుకునేవారు. నేను నవ్వేదాన్ని.

నాలుగేళ్ళ కిందట తలుపులమ్మ భర్త పోయాడు. నేస్తానికి అలాంటి కష్టం వస్తే చీర పట్టుకుని ముందు వెళ్ళాల్సింది నేస్తమే. జోగులమ్మగారు వెళ్ళలేదు. వానలకి ఘాట్ రోడ్డు తెగిపోయిందంది. రోడ్డు బాగయ్యాక కూడా వెళ్ళలేదు. చివరికి తలుపులమ్మే దిగొచ్చి కొట్టు ముందు నిలబడి, "రాలేదేటి నేస్తం?" అని అడిగింది. మెల్లిగానే అడిగింది.

తప్పు చేసినవాళ్ళకి వచ్చే కోపం మామూలు కోపం కాదు. బేరాలాడుతున్న జనం ముందు జోగులమ్మగారు, "ఏటే తలుపులమ్మా, నీకు నాను సంజాయిసీ సెప్పాలేటి?" అని అరిచేసింది.

నేనక్కడే ఉన్నాను. మార్కెట్టులో పొద్దున్న లేస్తే వినిపించే మాటలతో పోలిస్తే అదొక తిట్టే కాదనుకున్నాను. కానీ తలుపులమ్మ ముఖం తెల్లబోయింది. జోగులమ్మగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేస్తాన్ని పేరు పెట్టి పిలిస్తే నేస్తం తెగిపోయినట్టే. తలుపులమ్మ వెనక్కి తిరిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

కాశీ, రామేశ్వరం యాత్రలు తిప్పే మా ఊరి బుల్లిబాబుగారు కిందటేడు మలేషియా ట్రిప్పు పెట్టారు. డిసెంబరు ఆఖర్లో, క్రిస్మస్ సెలవులకి. ఆ కబురు ఎండాకాలంలోనే తెలిసింది. నేను పేరిచ్చి జోగులమ్మగారిని కూడా రమ్మన్నాను. "నాకెందుకమ్మా ఇదేశాలు" అని విదిలించేసింది. కొన్నాళ్ళయ్యాక విస్తళ్ళు కట్టలు కడుతూ ఎటో చూస్తూ అడిగింది.

"టీచరుగారూ, కొండ మీద నుంచి కూడా ఎవరైనా వొత్తన్నారేటి?"

తలుపులమ్మ అందరికన్నా ముందే పేరిచ్చిందని బుల్లిబాబుగారు నాకు చెప్పి ఉన్నారు. ఆ మాటే చెప్పాను.

"ఆ మనిసి వొత్తే నాకేటి, రాపోతే నాకేటి" అంది. ఆ వారంలోనే పాస్‌పోర్టుకి ఫొటో దిగింది.

డిసెంబరులో విదేశమంటే మంచు పడుతుందని మావాళ్ళందరి నమ్మకం. ఎంత చెప్పినా వినకుండా మంకీ టోపీలు, శాలువాలు, ఉన్ని సాక్సులు సర్దుకున్నారు. విశాఖపట్నంలో విమానం ఎక్కితే నా సీటు సరిగ్గా ఇద్దరి మధ్యా పడింది. కిటికీ వైపు తలుపులమ్మ, ఇటు వైపు జోగులమ్మగారు.

"టీచరుగారూ, మబ్బులు కనిపిత్తన్నాయేటో అడగండి."

"టీచరమ్మా, కనిపిత్తన్నాయని సెప్పు. వొంగితే తనకీ కనిపిత్తాయని సెప్పు."

విమానం దిగేదాకా నేను టెలిఫోన్ తీగ పని చేశాను. మధ్యలో కాస్త కునుకు తీద్దామన్నా కుదరలేదు. ఇంతకాలం కలలు కన్న విమానం ఎక్కారు, పక్కపక్కన కూర్చోలేకపోయారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. పేరు పిలిస్తే తెగిపోయేది ఏం బంధమని పైకే అనేశాను. ఇద్దరూ నన్ను ఒకేలా చూశారు. ఆ చూపులో మాత్రం ఇద్దరికీ ఒకే మాట.

కౌలాలంపూర్‌లో దిగితే ఉక్క. "సింతపల్లి సలిలోంచి ఇంత ఉక్కలోకి తెచ్చేరేటి" అని తలుపులమ్మ బుల్లిబాబుగారిని నిలదీసింది. జోగులమ్మగారు పక్కకి తిరిగి నవ్వుకుంది, నాకు కనిపించింది. కనిపించలేదనుకుంది.

మూడోరోజు బటు గుహలకి తీసుకెళ్ళారు. కొండ గుహలో మురుగన్ గుడి, కింద బంగారు రంగు విగ్రహం, పైకి రంగురంగుల మెట్లు. సెలవులు కదా, ఇసకేస్తే రాలనంత జనం. తలుపులమ్మ కొండ మనిషి, చకచకా ఎక్కిపోయింది. జోగులమ్మగారి మోకాళ్ళు సహకరించక కిందే కూర్చుంది. నేను సగం దాకా ఎక్కి, కోతికి నా అరటిపళ్ళు సమర్పించుకుని దిగొచ్చేశాను.

బస్సు బయల్దేరే వేళకి అందరూ వచ్చారు, తలుపులమ్మ రాలేదు. ఆవిడ ఫోను బస్సులోని సంచిలోనే మోగింది. బుల్లిబాబుగారు పైదాకా వెళ్ళి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చారు. పైన లేదన్నారు. జోగులమ్మగారు పైకీ కిందకీ చూస్తూ కొంగు నలుపుతోంది. "బాస తెలీదు, సేతిలో పోను లేదు. ఏటైపోతాది?" అంటోంది. ఆ గొంతులో కోపం ఆనవాలు కూడా లేదు.

మెట్ల పక్కన మైకున్న చిన్న ఆఫీసు ఉంటే ఆవిడని అక్కడికి తీసుకెళ్ళాను. లోపల ఒక తమిళాయన, తప్పిపోయిన మనిషి పేరేమిటని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. ఆయన మైకులో తలుపులమ్మ పేరు గట్టిగా, స్పష్టంగా చదివాడు. మళ్ళీ చదివాడు. ఎవరూ రాలేదు. మూడోసారి చదవబోతుంటే జోగులమ్మగారు ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు బాబూ. ఆ పేరు ఒద్దు. అలా పిలిత్తే రాదు."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ కళ్ళ నీళ్ళు చూసి మైకు ఇచ్చేశాడు. జోగులమ్మగారు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. మార్కెట్టు వీధంతా దద్దరిల్లే ఆ గొంతుతోనే పిలిచింది.

"నేస్తం... నానే నేస్తం. కింద మైకు కాడ ఉన్నాను. నువ్వు రాపోతే నానూ బస్సెక్కను. బేగి రా నేస్తం."

మెట్ల మీద జనం ఆగి చూశారు. మాకు కూతవేటు దూరంలో, పావురాలకి గింజలు వేసేచోట ఒక గోడ పక్కనుంచి తలుపులమ్మ లేచింది. ఎప్పుడో దిగొచ్చి, బస్సు ఎటుందో తెలియక అక్కడే కూర్చుందట. మెల్లిగా నడుచుకుంటూ వచ్చి గుమ్మం అవతలే ఆగిపోయింది.

"మైకులో నా పేరు ఇన్నాను. ఇక్కడికొచ్చి కూడా ఊరందరికీ ఇనిపించేలా పేరెట్టి పిలిపిత్తన్నావనుకున్నాను. అందుకే లెగలేదు."

"నాను సెప్పలేదు నేస్తం. టీచరుగారు సెప్పేరు."

నాకు చాలా సిగ్గేసింది. గోడ మీది కేలండరు చూస్తూ నిలబడ్డాను. జోగులమ్మగారు ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మీ ఆయన పోయినప్పుడు రోడ్డు తెగిందన్నాను గదా. రోడ్డు కాదు నేస్తం. నా మొగుడు పోయినపుడు పది రోజులు నా కాడే ఉండి నన్ను నిలబెట్టేవు. నిన్ను అలా సూడ్డానికి నాకు గుండె సాలలేదు. భయమేసింది. ఆ భయం సెప్పుకోలేక నలుగురిలో నోరు జారేను."

తలుపులమ్మ గుమ్మం పట్టుకుంది. తర్వాత అంది.

"సీర కోసం నీ కాడికి రాలేదు నేస్తం. నువ్వొత్తే నీ మీద పడి ఏడుద్దారని సూసేను. నువ్వు రాలేదు. పిల్లల ముందు ఏడిత్తే పిల్లలు బెంగెట్టుకుంటారని ఆపేను. మూడేళ్ళయింది. ఇంతవరకూ ఏడవలేదు."

ఆ మాట అంటూనే ఆవిడ గడప మీద కూలబడిపోయింది. జోగులమ్మగారు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి పక్కనే కూర్చుని ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుంది. మంచు కోసం తెచ్చిన శాలువా భుజం మీదే ఉంటే, జనం చూడకుండా ఆవిడ ముఖం చుట్టూ కప్పింది. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మూడేళ్ళ ఏడుపు అంత తొందరగా ఆగదు.

బుల్లిబాబుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఇంకా కూకున్నారేటండీ, జంట టవర్లు సూడాలి, సీకటి పడిపోతాది, బస్సులో జనం అరుత్తన్నారు" అన్నారు.

"అరవనీండి" అన్నాను.

ఆ టవర్ల కోసం నెలల తరబడి ఎదురుచూసినదాన్ని నేనే. వాటిని చూడకుండానే తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు విమానంలో ఆ ఇద్దరూ నన్ను లేపి కిటికీ పక్కకి పంపించేశారు. మబ్బులు ఎలా ఉన్నాయని దారి పొడుగునా నన్నెవరూ అడగలేదు.