విమల పిలిస్తే వచ్చిన బాతులు

ఆ రోజు మంగళవారం. విమల ఎప్పటిలాగే ఐదున్నరకు లేచింది. పెరట్లోకి వెళ్లి వచ్చి కాఫీ పెట్టింది. "నూకలు నిండుకున్నాయి బావా, తెప్పించు" అంది. పదకొండింటికి గుండెల్లో పట్టేసినట్టుందంది. ఆటోలో గుడివాడ తీసుకెళ్లాను. రెండున్నరకు డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. అంతే...

నూకల మాటకు చుట్టాలు ఏవేవో అర్థాలు తీశారు. నేను తీయలేదు. నాకు వేరే అనుమానం వచ్చింది. ఇంట్లో ఉండేది భార్యాభర్తలం ఇద్దరమే. ఉప్మాకని విమల అడిగితే ఇరవై రోజుల క్రితమే పది కిలోలు తెచ్చాను. మేం ఉప్మా తిన్నది రెండుసార్లు. మిగతావి ఏమైనట్టు?

వంటింటి తాళంచెవి ఒకటి పనిమనిషి నాగమణి దగ్గర ఉంటుంది. విమల పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు, ఆ ప్రార్థనకు వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే ఆమెను అడిగాను.

"అది అమ్మగారినే అడగాలండి" అంది.

లేని మనిషిని అడగమంటుందా అని ఒళ్లు మండింది. రేపట్నుంచి రావద్దన్నాను. తొమ్మిదేళ్లుగా చేస్తున్న మనిషి... తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్లిపోయింది.

చుట్టాలు వెళ్లాక, నిన్న పొద్దున్న పెరటి తలుపు తీస్తే మెట్టు కింద బాతులు. పదో పన్నెండో ఉంటాయి. పక్క చేపల చెరువు వాళ్లవి. వాళ్లకీ నాకూ మాటల్లేవు. ఆ చెరువు నీళ్లు ఊట దిగి నా వరి పాడైందని మూడేళ్ల క్రితం గొడవపడ్డాను. ఆ ఇంటికి మన ఇంట్లోంచి గ్లాసుడు మజ్జిగ కూడా వెళ్లకూడదని విమలకు చెప్పాను.

కావాలనే తోలారేమో అనుకుని కర్ర తీశాను. అవి కదల్లేదు. నా చేతుల వంకా తలుపు వంకా చూస్తూ నిలబడ్డాయి...

మా చిన్నప్పుడు... కోతలు అయిపోయాక మా ముదినేపల్లి చేలల్లో బాతుల మందలు దిగేవి, రాలిన గింజల కోసం. కైకలూరు వైపు నుంచి ఒకాయన వందల బాతుల్ని తోలుకొచ్చి, మా కళ్లం పక్కనే వల కట్టి పదిరోజులు ఉండేవాడు. చేలో మేపుకోనిచ్చినందుకు పొద్దున్నే చేటలో గుడ్లు తెచ్చిచ్చేవాడు. బయట మంచు... చేతిలో ఆ గుడ్ల వెచ్చదనం...

విమల మా మేనత్త కూతురు. మోపిదేవి వైపు వాళ్ల పల్లెలో హైస్కూలు లేక మా ఇంట్లో ఉండి చదువుకునేది. మా నాయనమ్మ క్రిస్మస్ కోసం ఐదు బాతుల్ని పెంచేది. వాటికి నూకలు వేసే పని విమలది.

నాయనమ్మకు ఎవర్నీ నమ్మే అలవాటు లేదు. పాలకుండ మీద మూత కొంచెం పక్కకు జరిగినా పట్టేసేది. నూకల కుండలో చెయ్యి పెట్టి లోతు చూసేది. ఆ ఏడు కుండ తొందరగా తరిగిపోతోందని మొదట ఎలుకల్ని అనుమానించింది. తర్వాత మా అమ్మని. ఆ తర్వాత నన్ను.

ఒకరోజు మా ఐదు బాతులూ కనపడలేదు. వెళ్లి మందలో కలిసిపోయాయి. నాయనమ్మ కొంగు బిగించి కళ్లం దగ్గరికి బయల్దేరింది. మేం వెనకాలే. కలిసిపోవడం కాదు, కలిపేసుకున్నావని ఆయన మీద పడింది. మావాటికి గుర్తుగా కాలి గోరు కత్తిరించి ఉంటుందంది. అన్నీ బురద కాళ్లు... ఎన్నని ఎత్తి చూస్తారు?

బాతులాయన చుట్ట పక్కన పెట్టాడు. "పిలవండమ్మా. మీవైతే మీ గొంతుకి వస్తాయి" అన్నాడు.

నాయనమ్మ పిలిచింది. ఒక్కటీ తలెత్తలేదు.

విమల ముందుకు వెళ్లి "బా... బా... బా..." అంది. మా ఐదూ పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనకాల ఇంకో ముప్ఫై.

"ఇవన్నీ కూడా మీవేనంటారా అమ్మా? నన్నంటున్నారు గానీ, దొంగ మీ ఇంట్లోనే ఉందండి" అన్నాడాయన. కళ్లంలో అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. మన నూకలు వాటికెందుకు వేశావని విమల చెవి మెలిపెట్టింది.

"అవీ వచ్చి నిలబడ్డాయి అమ్మమ్మా" అంది విమల.

నాయనమ్మ బాతులాయనతో పొరపాటు పడ్డానని అయినా అనలేదు. మర్నాడే ఆయన వల విప్పుకుని వెళ్లిపోయాడు. పై ఏడు మా చేను దాటుకుని వేరే ఊళ్లో మంద దింపాడు. ఆ గుడ్లు మా ఇంటికి మళ్లీ రాలేదు.

ఇవాళ గోడ దగ్గరికి వెళ్లి చెరువు వాళ్ల ఆవిడను పిలిచాను. మూడేళ్ల తర్వాత మొదటి మాట. మీ బాతులు మా మెట్టు దగ్గరికి ఎందుకొస్తున్నాయని అడిగాను.

ఆమె చేతిలో పని ఆపి గోడ దగ్గరికి వచ్చింది. "వదినగారు రోజూ నూకలు వేసేవారండి, అన్నయ్యగారూ. ఒంట్లో బాగోనప్పుడు నాగమణి చేత వేయించేవారు. మీకు చెప్పొద్దని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నారండి."

నాగమణి ఆ రోజు అన్నది పొగరు మాట కాదు. విమల పోయాక కూడా ఆ మాట నిలబెట్టుకుంది. నేను దొంగను చేసి పంపించాను.

మా వైపు ఇప్పుడు కళ్లాలు లేవు. మిషను కోసి, చేలోనే బస్తాలకు ఎత్తేస్తోంది. సగం చేలు చెరువులయ్యాయి. కైకలూరు నుంచి ఆ మందలు రావడం ఎప్పుడు మానేశాయో కూడా గమనించలేదు... మీ ఇళ్లలో బాతుల్ని ఏమని పిలిచేవారు? గుర్తుంటే రాయండి. విమలలాగే "బా... బా..." అని నేను పిలిస్తే రావడం లేదు.

రేపు పొద్దున్నే నాగమణి వాళ్ల పేటకు వెళ్తాను. కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలతో చేరే వేళకు. మళ్లీ పనిలోకి రావడం, రాకపోవడం ఆమె ఇష్టం. నలుగురిలో వేసిన నింద నాది... నలుగురిలోనే తప్పని చెప్పి వస్తాను.