పాటలకే లోపలికొచ్చే మనిషి

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని హైటెక్ సిటీలో మేమంతా ప్రోగ్రాములు సరిచేస్తున్న రోజులవి. వాటిని పరీక్షించే మా పెద్దాయన చుక్క తేడా ఉన్నా తిప్పి పంపేవాడు. అలాంటి మనిషి ఒక పాటల సినిమాకి మూడోసారి వెళ్తూ నన్నూ లాక్కెళ్లాడు. హాల్లో జనం పాట రాగానే సిగరెట్టుకి లేస్తుంటే, ఈయన మాటలు మొదలవగానే లేచేవాడు. పాట వినపడితే పరుగున వచ్చి కుర్చీ చేతి మీద తబలా వాయించేవాడు.

ఇంటర్వెల్లో అడిగాను. "హీరో చెల్లెలు చచ్చిపోయింది కదా, మళ్లీ పాటలో డాన్సు చేసిందేంటి సార్?"

"చచ్చిందా? మూడుసార్లు చూసిన, నాకు తెల్వనే తెల్వది. మంచిగ ఎగిరింది గద!"

మర్నాడు నా ప్రోగ్రాము మళ్లీ వెనక్కొచ్చింది. ఒళ్లు మండింది. "ఆ సినిమాని మూడుసార్లు భరించారు. నాది ఒక్కసారి పాస్ చేయలేరా అండీ?"

ఆయన తలెత్తలేదు. "నీ దాంట్ల ఒక్క పాటన్న ఉన్నదా?"