మామ మాట కాదనే ఇళ్లు

మొన్న పొద్దున పాపకు అన్నం తినిపిస్తుండగా ఫోను మోగింది. ఎత్తితే, పోస్టర్ల మీద తప్ప నేనెన్నడూ చూడని ఒక పెద్ద నాయకుడి గొంతు నన్ను పేరు పెట్టి పిలిచి, పాపకు ఆయాసం తగ్గిందా అమ్మా అని అడిగి, తాము గెలిస్తే ఇంటి దగ్గరే వైద్యమని చెప్పి, నేను నోరు తెరిచేలోగా ఆగిపోయింది. పేరూ జబ్బూ మాత్రం ఇంటింటికీ మార్చి పంపే రికార్డు గొంతని తెలిసినా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వారం కిందట సారపాకలోని మా కిరాయి ఇంటికి సర్వే అంటూ ఒక అమ్మాయి వచ్చింది. ఎండకు వాడిపోయి ఉంటే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. మీ ఇంట్లో ఎవరి మాట నడుస్తుంది, ఇప్పుడు మీకు అన్నిటికన్నా అవసరమైనదేమిటి అని ఆమె మెల్లగా అడుగుతుంటే, ఆ ప్రశ్నలు ఎందుకడుగుతారో బాగా తెలిసినదాన్నే అయినా, పాప ఊపిరి అందక పడే అవస్థంతా చెప్పేశాను. అంత ఓపికగా అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు మరి.

ఒకప్పుడు ఆ ప్రశ్నలు అడుగుతూ తిరిగినదాన్ని నేనే. నాతోపాటు డిగ్రీ ముగించి, భద్రాచలంలో జిరాక్సు సెంటర్ల గోడల మీద ఉద్యోగ ప్రకటనలు చదువుకుంటూ తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎన్నికలకు ఏడాది ముందు ఒక మేడ మీద బోర్డు లేని ఆఫీసు వెలిసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు మాకన్నా నాలుగైదేళ్లే పెద్దవాడు. ఏ పార్టీ కోసం పని చేస్తున్నామో మొదటి రెండు నెలలు ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒకటో తారీఖున జీతం, చేతికో ట్యాబ్, తిరగడానికి జీపు. ఇంత డబ్బు ఎవరు పెడుతున్నారన్న ఆలోచన ఆ వయసులో రాలేదు. ఓటెవరికని ఎప్పుడూ అడగొద్దు, ముందు పిల్లల సంగతి అడగండి, ఇచ్చిన నీళ్లు తాగండి అని సారు నేర్పేవాడు. నాకు చర్ల వైపు గూడేలు ఇచ్చారు. మా అమ్మ పుట్టిన గూడెం కూడా అందులో ఉంది.

పోలీసు క్యాంపు దాటాక జీపు దిగి నడవాలి. మధ్యలో వాగు. వానాకాలం మూడు నెలలు దాని అవతల ఉన్నవాళ్లు అవతలే. జ్వరమొచ్చినా పురుడొచ్చినా మంచం మీద మోసుకుని దాటించాల్సిందే. గూడెం పెద్ద మా మేనమామ. ప్రతి ఎన్నికకూ ముందు ఇంటింటి నుంచీ బియ్యం పోగుచేసి మామ వాకిట్లో ఒకే డేగిసాలో వండేవాళ్లు. కాదనేవాడు తినకముందే కాదనాలి. ముద్ద నోట్లో పెట్టాక అందరిదీ ఒకటే మాట, అన్ని ఓట్లూ ఒకవైపే. అందుకే ఎంతటి నాయకుడైనా వచ్చి అందరి ముందూ కూర్చుని మాట్లాడేవాడు. ఆ పద్ధతి మీదే గూడేనికి కరెంటు స్తంభాలొచ్చాయి, బోరింగు వచ్చింది, బడికి గది వచ్చింది. ఆ ఏడు వాగు మీద చప్టా, వానల్లోనూ దాటగలిగే చిన్నపాటి వంతెన, అడగాలనుకున్నారు.

నాకు ఉద్యోగమొచ్చిందని మామకు ఎంత సంబరమో! ఇంటింటికీ తానే వెంటబెట్టుకుని తిప్పాడు. "మా అక్క బిడ్డనే. ఏం దాయకుండ చెప్పుండ్రి. సర్కారు నౌకరి గాదు గని, నౌకరి నౌకరే గద," అని ప్రతి గడపలోనూ చెప్పాడు. మామ ఇంట్లో ఎవరి మాట నడుస్తుందని అడిగితే అత్త పొయ్యి దగ్గర నుంచే, "మీ మామ ఊరికి పెద్దనే కోడలా, ఇంట్ల నా మాటే. గదీ రాసుకో," అంది. నవ్వుతూనే రాసుకున్నాను.

మామ పక్కకు వెళ్లినప్పుడు మిగతావీ రాసుకున్నాను. పోడు గట్టు తగువులో మామ తీర్పు తమకు అన్యాయం చేసిందని ఒక ఇంట్లో అన్నారు. ముసలాయన మాటకు ఇంకెన్నాళ్లు తలూపాలని ఇంకో ఇంటి కుర్రాడు అన్నాడు. ఒకామెకు తన అత్తగారి కంటి ఆపరేషన్ బెంగ, ఇంకొకరికి బండి కిస్తీ బెంగ. మన పిల్లే కదా అని, వాకిట్లో పదిమందిలో అననివి కూడా నాకు చెప్పారు. పెద్ద మాట కాదనే ఇళ్లకు ట్యాబ్‌లో వేరే గడి ఉండేది. ముప్పై ఇళ్లలో పదకొండింటికి టిక్కు పెట్టాను. ఇంత లోతైన రిపోర్టు ఇంకెవరూ తేలేదని సారు అందరి ముందూ మెచ్చుకుంటే, ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు.

పోలింగ్ దగ్గర పడ్డాక మామ, మా ఆఫీసు ఎవరి కోసం పనిచేసిందో ఆ నాయకుడి మనిషిని కలిసి చప్టా సంగతి ఎత్తాడట. అతను ఫోను చూసుకుంటూ, "పెద్దాయనా, ముప్పై ఇండ్లు నీ చేతుల ఉన్నట్టు మాట్లాడకు. పదకొండు ఇండ్లు నీ మాట ఇనవు. ఏ ఇండ్లో గూడ చెప్పాల్నా?" అన్నాడట. ఆ పాటికే ఆ పదకొండు ఇళ్లకూ ఎవరికి కావలసింది వారికి చేరిపోయింది. ఒకరికి కంటి ఆపరేషన్, ఒకరికి కిస్తీ, మిగతావాళ్లకు కవర్లు. అలవాటు ప్రకారం మామ వాకిట్లో అన్నం వండారు. ఎవరైనా కాదంటారేమోనని మామ ఒక్కొక్కరి ముఖమే చూస్తూ చాలాసేపు ఆగాడని, ఎవరూ ఏమీ అనకుండా తలలు వంచుకుని తిన్నారని అత్త తరవాత నాతో చెప్పింది. ఓట్లు చీలిపోయాయి. చప్టా రాలేదు.

మామ నన్ను ఒక్కసారే అడిగాడు. "నువ్వు రాసుకున్నయన్నీ యాడికి పోయినయే కోడలా?"

"హైదరాబాద్ పోయినయి మామా," అన్నాను.

"అవ్ మల్ల," అని మామ భుజం మీది తువ్వాలు సర్దుకుని లేచి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నేను ఎవరికీ లేని కోపం పుట్టించలేదు, ఉన్న కోపాన్నే రాశాను అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. కానీ ఆ కోపాలు తినకముందు వాకిట్లో బయటపడాల్సినవి. వాటిని ముందే మోసుకుపోయి, గూడెంతో బేరమాడే వాళ్ల చేతుల్లో పెట్టింది నేనే.

ఈ వానాకాలం మామకు బాగాలేదని తెలిసి పాపను తీసుకుని వెళ్లాను. వాగు నడుము లోతు పారుతోంది. ఒడ్డున ఉన్న గూడెంవాళ్లు, వాళ్లలో ఆ పదకొండు ఇళ్లవాళ్లూ ఉన్నారు, నన్ను చూసి ఆ పాత సంగతేదీ ఎత్తకుండా పాపను భుజాల మీదికి ఎక్కించుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని మమ్మల్ని దాటించారు. పాప నవ్వుతోంది. నేను మాత్రం, ఇప్పుడు దీనికి ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి ఎలా చేర్చగలనన్న భయంతో వాళ్ల చేతులను వదలలేకపోయాను. అవతలి ఒడ్డెక్కాక ఈసారైనా చప్టా అడుగుతారా అన్నాను. ఒకాయన, ఈసారి బోరు మోటారు ఇస్తామన్నారని తనకొచ్చిన మాట చెప్పాడు. ఇంకొకామె కుట్టుమిషను అంది. ఎవరికి అందాల్సింది వాళ్లకు అందుతూనే ఉంది, మునుపటికన్నా ఎక్కువే అందుతోంది. మామ వాకిట్లో అన్నం వండి మాత్రం రెండు ఎన్నికలయిందట. వాగు దాటించమని నాయకులను అడగడానికి అందరూ కలిసి కూర్చునే చోటే లేదిప్పుడు.