నీరుగంటి తడి తువ్వాలు

నల్లగుట్లపల్లె చెరువుకు నీరుగంటి, అంటే మళ్లకు నీళ్లు పంచేవాడు, సాయిబే. ఈ మాట చెబితే పైవూళ్ల వాళ్లు నవ్వేవాళ్లు, దూది ఏకుకునేవాడికి తూము కాడ ఏం పనని. వాళ్లకేం తెలుసు? ఈ కథలోని నీరుగంటి పీరాసాబ్ వాళ్ల తాత కాలంలో ఒక వానాకాలం కట్టకు బొక్క పడి నీళ్లు కారుతుంటే ఊరంతా మూటాముల్లే సర్దుకుంది. ఆ తాత మాత్రం ఏకిపెట్టిన దూదిమూటలన్నీ మోసుకెళ్లి బొక్కలో కుక్కి, పైన రాళ్లు పరిచి, ఆ రాళ్ల మీద తానే కూర్చున్నాడట. కట్ట నిలిచింది. ఆనాటి నుంచి తూము ఆ ఇంటివాళ్లదే, కాదనేవాడు పుట్టలేదు.

తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లో చూడడం, ఇదంతా ఎవరికైనా రెండేళ్లలో వచ్చే పని. అసలు పని మాఘంలో ఉంది. కొత్తచెరువు, కదిరి ఊళ్ల చుట్టుపక్కల ఇంకే చెరువుకూ ఇలాంటి కట్టుబాటు ఉన్నట్టు నేను వినలేదు.

చలి విరిగే రోజుల్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చేవి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. చెరువు వెనక కొంగలమడుగులో, నీళ్లలో నిలిచిన తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టేవి. పిల్లలకు రెక్కలు వచ్చాక తీసుకుని పోయేవి. ఊరికి అవి ఆడబిడ్డలు, కాన్పుకు పుట్టింటికి వచ్చినవాళ్లు. వాటి మీద రాయి వేసినవాడికి ఊళ్లో నీళ్లు పుట్టవు. కొంగ దిగి గూడు కట్టిందంటే చెరువులో నీళ్లు ఎండాకాలం దాటుతాయని నమ్మకం, అప్పుడు వరి నాటుతారు. దిగకపోతే నాటు లేదు. ఉన్న నీళ్లు మనుషులకూ గొడ్లకూ.

చూసి చెప్పవలసినవాడు నీరుగంటి ఒక్కడే. మాఘ పున్నమి దాటాక మూడు పొద్దులు మడుగు ఎదుట బండ మీద కదలకుండా కూర్చోవాలి. మూడో పొద్దు కట్ట దిగి వచ్చేటప్పుడు భుజం మీద తువ్వాలు తడిసి ఉంటే కొంగ దిగినట్టు, పొడిగా ఉంటే లేనట్టు. నోటితో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. ఆ తర్వాత ఉగాది దాకా మడుగు వైపు ఎవరూ పోకూడదు, పొదిగే పక్షి బెదిరిపోతుందని. ఒక మాట కూడా ఉండేది ఆ ఊళ్లో. ఆడబిడ్డ పుట్టింటికొచ్చి నీకు మొహం చాటేసిందంటే తప్పు నీదే.

పీరాసాబ్‌కు ఆ మూడు పొద్దులూ ఏడాదికంతా పండగ. బండ మీద కూర్చుంటే నమాజుకు కూర్చున్నంత ఒద్దికగా కూర్చునేవాడు. ఏ జంట ఏ కొమ్మ మీద, ఏది పుల్ల దొంగిలించే గయ్యాళి, ఏ మగపక్షి చేతగానిది, అంతా వచ్చి భార్య మదీనాబీకి చెప్పేవాడు. ఆమె రొట్టెలు తడుతూ, నా సంసారం సంగతి కూడా ఇంత బాగా చూసుకుంటే బాగుండేదని దెప్పేది. పిల్లలు లేని ఇల్లు అది. ఆ కబుర్లే వాళ్లకు పిల్లలు.

పంతొమ్మిదివందల యాభై ఆరులో కొంగలు రాలేదు, తువ్వాలు పొడి. యాభై ఏడులోనూ పొడే. ఆ ఏడు కట్ట దిగి వస్తుంటే ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఒకడు కాండ్రించి ఉమ్మాడు. సగం ఊరు బెంగళూరుకు కూలికి పోయింది. యాభై ఎనిమిదిలో మూడు పొద్దులు కూర్చున్నాడు పీరాసాబ్. మూడో పొద్దు ఓ గుంపు వచ్చింది. మడుగు పైన చాలాసేపు తిరిగింది. చప్పుడు లేదు. రెక్క కూడా ఆడించకుండా గుండ్రంగా తిరిగి, తిరిగి, కిందికి చూసి, దిగకుండా పడమటికి పోయింది. అలా పోవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

చెరువులో నీళ్లు మరీ తక్కువ లేవు. ముంగారు వాన, అదే తొలకరి, ఒక్కటి పడితే చాలు, గట్టెక్కుతారు అనుకున్నాడు. కట్ట మీది నుంచి చూస్తే కింద ఊరంతా నిలబడి ఉంది. ఒక్క క్షణం. వంగి తువ్వాలు నీళ్లలో ముంచి, పిండకుండా భుజాన వేసుకున్నాడు.

కొంగలు దిగాయని డప్పు పలక వాయించారు. నాట్లు పడ్డాయి.

నాలుగో నాడు గొర్రెల గురప్ప ఎదురై, ఈ తూరి కొంగలు మెండుగా వచ్చినాయి కదన్నా, పొద్దున్నే మా దొడ్డి మీదుగా పోతాండాయి అన్నాడు. పీరాసాబ్ తల ఊపి దాటిపోయాడు. మర్నాడు తిమ్మమ్మ అనే ముసలామె, కొంగలు తన ఇంటికప్పు మీది బోదగడ్డి పీక్కుపోతున్నాయని మురిసిపోతూ చెప్పింది. ఆఖరికి మదీనాబీ కూడా, ముక్కులు టకటకలాడిస్తున్నాయి విన్నావా అంది. ఆయన మడుగుకు పరుగెత్తాడు. తుమ్మచెట్లు బోడిగా ఉన్నాయి. పాతగూళ్ల పుల్లలు నీళ్ల మీద తేలుతున్నాయి. బండ మీద పొద్దుగూకే దాకా కూర్చున్నా ఒక్క రెక్క కనబడలేదు.

ఒకనాడు సంత నుంచి వస్తుంటే వీధిలో జనం తల ఎత్తి నిలబడి ఉన్నారు. అందరూ ఒకే వైపు, చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని. అదో పోతాండాయి, అదో, అని చూపిస్తున్నారు. పీరాసాబ్ కూడా తల ఎత్తాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అయినా ఆయనా చెయ్యి ఎత్తి, అవునప్పా, బాగుండాయి అన్నాడు. అంటుంటే గొంతు తనది కానట్టు వినిపించింది.

అప్పుడు అర్థమైందనుకున్నాడు. కొంగలు వచ్చాయి. ఊరందరికీ కనబడుతున్నాయి. తన ఒక్కడికే మొహం చాటేశాయి. వాటి పేరు మీద అబద్ధమాడినవాడికి కనబడమంటే ఎలా కనబడతాయి? న్యాయమే.

ముంగారు వాన నిజంగానే వచ్చింది, పంట పండింది. అదే కొంప ముంచింది. ఏటా మాఘం రాకముందే ఊరు కొంగల మాట మొదలుపెట్టేది. ఈయన పోయి బోడిచెట్ల ముందు మూడు పొద్దులు కూర్చుని, ఊరి మాట నమ్మి తువ్వాలు ముంచుకుని వచ్చేవాడు. ఇంటికి వచ్చాక మదీనాబీ పక్షుల కబుర్లు అడిగేది. ఈ జంట, ఆ కొమ్మ అని కల్పించి చెప్పేవాడు. ఆమె ఊఁ కొట్టేది. ఒక్కోసారి ఆమే ముందుగా, చీకటుండంగానే లేచినాయి ఈ పొద్దు, రెక్కల చప్పుడు నేను విన్యా అనేది. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ఇల్లంతా కొంగలు నిండినట్టుండేది. మాటలు అయిపోయాక పొయ్యిలో పుల్ల విరిగినా ఇద్దరూ ఉలిక్కిపడేవాళ్లు.

ఏడేళ్లు ఇలా గడిచాయి. రెండు పంటలు సగంలో ఎండాయి. దోషం విత్తనాల మీదికి పోయింది, ఎరువు మీదికి పోయింది. కొంగల మీదికి ఎవరూ పోనివ్వలేదు.

అరవై అయిదు మాఘానికి నీళ్లు తూము రాతి మీది గుర్తుకు కిందికి జారిపోయాయి. ఊరు మాత్రం మామూలే. కొంగలొచ్చినాయి, నారు పోద్దామా, పోద్దామా అంటోంది. ఊరిపెద్ద హనుమంతరాయుడు నారుమడి దున్నించేశాడు కూడా. పీరాసాబ్ బండ మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఈ నీళ్లు మళ్లకు పారిస్తే చైత్రానికి బురద మిగులుతుంది. వైశాఖానికి అదీ ఉండదు. పసిబిడ్డలకు ఏం తాగిస్తారు? తువ్వాలు పొడిగా వేసుకుపోతే ఇన్నేళ్ల బండారం బయటపడుతుంది. తూము పోతుంది, తాత పేరు పోతుంది. మూడో పొద్దు లేచి, నీళ్ల వైపు చూడకుండా నడిచాడు.

పొడి తువ్వాలు చూసి ఊరు గొల్లుమంది. హనుమంతరాయుడికి కోపం నషాళానికి ఎక్కింది. కట్టుబాటు మరిచి నోటితోనే అడిగేశాడు.

"ఏమప్పా పీరా, కండ్లు పోయినాయా? నిన్న నా తల మీదనే పాయె గదా కొంగలు! తువ్వాలు పొడిగా ఉండాదేమి?"

పీరాసాబ్ తువ్వాలు తీసి నేల మీద పెట్టాడు. దాని పక్కనే కూర్చున్నాడు.

"నాకు కనపడవన్నా. ఏడేండ్లాయె. యాభై ఎనిమిదిలో దిగలేదు, దిగినాయని తువ్వాలు నేనే ముంచినా. ఆ పొద్దుకాడ్నుంచి మీ అందరికీ కనపడతాండాయి, నాకు మాత్రం కనపడ్డంలే. కొంగలుండనీ, లేకపోనీ. ఈ నీళ్లు మడికి పారిస్తే మనం తాగేదానికి ఉండవు. నన్ను ఏమన్నా చెయ్యండి, నాటు మాత్రం వద్దు."

తిడతారు, కొడతారు అనుకుని తల వంచుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి చూస్తే ఒక్కరూ ఆయన వైపు చూడడం లేదు. ఒకళ్లనొకళ్లు దొంగచూపులు చూసుకుంటున్నారు.

తిమ్మమ్మే ముందు బయటపడింది. "నాకూ కనపల్లేదురా నాయనా" అంది. కోడలిని కడుపునిండా కూడు తిననీయకుండా ఏడిపించిన పాపానికి, ఆడబిడ్డలు తనకు మొహం చాటేశాయనుకుందట. ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ఇంటికప్పు గడ్డి కథ అల్లింది. గురప్ప చిన్నగా, నేనూ అంతే అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తలా ఒక తప్పు, తలా ఒక భయం. నలుగురూ చూస్తున్నారని తల ఎత్తినవాళ్లే అందరూ. చివరికి అందరి కళ్లూ హనుమంతరాయుడి మీదికి పోయాయి. నిన్న కొంగలు తల మీద పోయిన మనిషి ఆయన. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

ఉగాది కాకముందే ఊరు ఊరంతా మడుగుకు నడిచింది. ఎండలో తుమ్మచెట్లు నిలబడి ఉన్నాయి. కొమ్మ మీద పుల్ల లేదు, చెట్టు కింద రెట్ట మరక లేదు. ఏడేళ్లుగా అక్కడికి ఏమీ రాలేదు. మూడువందల మంది ఆ చెట్ల ముందు నిలబడ్డారు. ఇన్నేళ్లు వీధుల్లో తాము చూపించిన ఆ గుంపులేమిటి, ఆ టకటకలేమిటి? మనుషులకు మనుషులంటేనే భయం వేసింది ఆ పూట. ఒక ఆడమనిషి ఏడుపు అందుకుంది. అయినవాళ్లు పోయినప్పుడు ఏడ్చే ఏడుపు అది.

ఇంటికి వచ్చాక పీరాసాబ్ భార్యను ఒకటే అడిగాడు, నువ్వు కూడానా అని. ఆమె పొయ్యి ఊదడం ఆపింది. తనకు గొడ్రాలి దోషం ఉందని, అందుకే కొంగలు కనబడటం లేదని అనుకుందట. "నువ్వు చూస్తాండావు గదా, నీ కండ్లతో చూస్తే చాలనుకుంటి" అంది.

ఆ ఏడు నాటు వేయలేదు. కరువు అంతా ఇంతా కాదు. అయినా చెరువులో మిగిలిన నీళ్లు శ్రావణం దాకా ఊరిని బతికించాయి. తూము పీరాసాబ్ దగ్గరే ఉంచారు. ఎందుకని ఎవరినైనా అడిగితే, మరి ఎవరికి ఇయ్యమంటావు అని ఎదురు కసిరేవాళ్లు. కొంగలు మాత్రం ఆ తర్వాతా రాలేదు.

అరవై తొమ్మిది మాఘంలో ఆయనకు ఆయాసం ఎక్కువై మంచం దిగలేకపోయాడు. మదీనాబీయే పోయి బండ మీద కూర్చుని వచ్చింది, రెండు పొద్దులు. రెండో పొద్దు ఆమె వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే, లోపలి నుంచి ఆయన ఊపిరి అందక అడిగాడు, దిగినాయా అని. ఆ మనిషి ఇంక రెండు రోజులు కూడా ఉండడని ఆమెకు తెలుసు. దిగినాయి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ల అలవాటు, ఎంత సులువైన మాట.

"లేదు" అంది మదీనాబీ. "ఒగటీ రాలే."

ఆయన ఆమె మొహంలోకి నిదానంగా చూశాడు. చెయ్యి పట్టుకున్నాడు. "సరే. రేపు గూడా పోయి చూడు" అన్నాడు.

తెల్లారేసరికి ఆయన పోయాడు. శవం ఇంట్లో ఉండగా ఆడది గడప దాటడమేమిటని అందరూ అడ్డం వచ్చారు. అది మూడో పొద్దని చెప్పి ఆమె మడుగుకు పోయింది. పొద్దెక్కే దాకా కూర్చుని, తిరిగి వచ్చి, కొంగలు రాలేదని ఊరికి చెప్పి, అప్పుడు ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది.