పక్కింటి ఫోను నంబరు

2001లో నన్ను జగ్గయ్యపేట దుకాణం నుంచి నందిగామలో కొత్తగా తెరిచిన బట్టల షోరూముకు ఫ్లోర్ మేనేజరుగా వేశారు. ఫ్లోర్ మేనేజరంటే సేల్స్ వాళ్లకు పైన, యజమానులకు కింద. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. అయినా ఆ రోజుల్లో నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. కారణం, మా కంపెనీ అప్పుడే పెట్టిన పాయింట్ల కార్డు.

కార్డు కావాలంటే ఫారం నింపాలి. పేరు, ఊరు, పెళ్లిరోజు, ఫోను నంబరు, చివర్లో ‘ఇంట్లో జరగబోయే శుభకార్యం’. పెళ్లి ఉందని రాస్తే పట్టుచీరల మీద అదనపు తగ్గింపు. జనం ఎగబడి రాశారు. బిల్లు కౌంటరు కంటే ఫారాల బల్ల దగ్గరే రద్దీ. ఆ ఫారాలు విజయవాడ ఆఫీసుకు వెళితే, అక్కడి అమ్మాయిలు ఫోన్లు చేసి, ఎత్తినవాళ్లకు శుభాకాంక్షలు చెప్పి షాపుకు పిలవాలి.

ఆ ఫోన్లు మొదలయ్యే రోజు ఉదయం షట్టరు ఎత్తుతుండగానే వత్సవాయి నుంచి రాజ్యలక్ష్మి గారు ఆటో దిగారు. అంతకు ముందు వారమే మా దగ్గర ఫారం నింపిన రైతు కుటుంబం ఆవిడది. “అన్నయ్యగారూ, నా కాయితం నాకిచ్చెయ్యండి” అన్నారు. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే సంగతి చెప్పారు.

ఆవిడ రాసింది పి.పి. నంబరు. ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కింటి నంబరిచ్చి, పక్కన పి.పి. అని రాసేవారు. పక్కింటివాళ్లు ఎత్తి, గోడమీంచి కేకేసేవారు. ఈవిడకు పక్కిల్లు తోటికోడలు సుగుణమ్మ గారిదే. సుగుణమ్మ గారి అమ్మాయిని చూసి వెళ్లి, ఏ మాటా చెప్పని పెళ్లివారే ఇప్పుడు రాజ్యలక్ష్మి గారి అమ్మాయిని ఖాయం చేసుకున్నారు.

“సాయంత్రం మా ఆయన తనే వెళ్లి వాళ్లన్నయ్యతో చెప్పుకుంటానన్నారండి. ఈలోపు మీ షాపోళ్లు చెబితే ఇంకేముంది, అన్నదమ్ములు మళ్లీ మొహాలు చూసుకోరు” అన్నారు.

ఫారాలు అప్పటికే విజయవాడ చేరాయి. ఫోను చేస్తే అక్కడి ఇన్‌చార్జి, కట్టల్లో వెతకాలి, ఈలోగా కాల్స్ ఆపడం కుదరదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ లైను క్యాషియరు చేతికిచ్చి, పేరు కొట్టేసేదాకా వదలొద్దన్నాను. మాకు రెండో లైను ఉంది. సుగుణమ్మ గారి ఫోను నేనే పట్టుకు కూర్చుంటే ఇంకెవరు చేసినా ఎంగేజే కదా! ఆ ఆలోచన తట్టగానే కుర్చీలోంచి ఎగిరి లేచాను.

రాజ్యలక్ష్మి గారు చెప్పిన నంబరు తిప్పితే సుగుణమ్మ గారే ఎత్తారు. కొత్త షోరూమండి, మీ వైపు ఆడవాళ్లు ఏ చీరలు ఇష్టపడతారో తెలుసుకుందామని, అన్నాను. ఆవిడ అందుకున్నారు చూడండి! మంగళగిరి అంచుల దగ్గర మొదలుపెట్టి, నిరుడు మైలవరంలో రంగు వెలిసే చీర అంటగట్టినవాడి తాతముత్తాతల దాకా వెళ్లారు. నేను ఊఁ కొడుతూ క్యాషియరు వైపే చూస్తున్నాను. రాజ్యలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. చివరికి పేరు కొట్టేశారని క్యాషియరు సైగ చేశాడు. నాకు గంతెయ్యాలనిపించింది.

సరిగ్గా అప్పుడే సుగుణమ్మ గారు అడిగారు: “అవునూ, మా నంబరు మీకెవరిచ్చారండీ?”

కస్టమర్లు వచ్చారని చెప్పి పెట్టేశాను.

ఆ సాయంత్రం రాజ్యలక్ష్మి గారి భర్తే వెళ్లి అన్నకు చెప్పుకున్నాడు. అన్నగారు ముహూర్తం ఎప్పుడని అడిగారట. పెళ్లిబట్టలకు తోటికోడళ్లిద్దరూ కలిసే వచ్చారు. నా గొంతు వినగానే సుగుణమ్మ గారు గుర్తుపట్టారు. ఆ రోజు అడిగినదానికి ఇవాళైనా చెప్పమన్నారు. రాజ్యలక్ష్మి గారు చీరల మీంచి తలెత్తలేదు. అది చెప్పకూడదండి, అన్నాను.

“మంచిదే. మరి నేనిందులో రాసేవి కూడా ఎవరికీ చెప్పరుగా?” అంటూ బల్లమీద ఫారం తీసుకున్నారు.

నేను చెప్పను. కానీ అది విజయవాడ వెళ్లాక ఎవరెవరి చేతుల్లో పడుతుందో నాకే తెలియదు. రాయకండి, అన్నాను. తగ్గింపు ఇద్దరికీ ఇచ్చాను.

యజమానులు కోప్పడ్డా, నేనున్నన్నాళ్లూ ఆ బల్ల దగ్గర పి.పి. నంబరు తీసుకోనివ్వలేదు, శుభకార్యం గడి నింపమని ఎవరినీ అడగనివ్వలేదు. దాచగలమని మాటివ్వలేనప్పుడు అడగకూడదు. నందిగామలో నేను నేర్చుకున్నది ఇదే.