నాయినకు తెచ్చిన ఐర్లాండ్ సీసా

రేపు దసరా. గని డ్యూటీలో నాయినకు ఇదే ఆఖరి దసరా. "ఐర్లాండ్ విస్కీ గొంతుల మెత్తగ దిగుతదట" అని ఆయన అనగా ఎన్నోసార్లు విన్నాను. అందుకే ఈ రోజు సాయంత్రం గోదావరిఖనిలో వైన్స్ ముందు వరుసలో నేనే నిలబడ్డాను.

కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్ల మొగోళ్లెవరు లేరా చెల్లె?" అన్నాడు.

"ఉన్నరన్న. వాళ్లకు లేబుల్ చదువరాదు. మా ఇంట్ల చదువుకున్నది నేనే."

ఆయన ఇచ్చిన మొదటి సీసాను వెనక్కి తిప్పి చదివాను. పేరు విదేశీ, తయారీ ఇక్కడే. తిరిగి ఇచ్చేశాను. రెండోదాని మీద ఐర్లాండ్‌లో తయారైనట్టు ఉంది. తీసుకుని, సంచిలో దాచకుండా చేతిలోనే పట్టుకుని ఆటో ఎక్కాను.

ఇంటికి వచ్చిన కాసేపటికే పక్క క్వార్టర్ కాక పరుగున వచ్చాడు. "నీ బిడ్డ వైన్స్ కాడ లైన్ల నిలవడ్డది! ఇజ్జత్ పోదా?"

నాయిన సీసా మీది నుంచి చూపు తిప్పలేదు. "నువ్వు ఏడున్నవ్‌రా అప్పుడు?"

"దాని వెనుకనే."

"అయితే నీ ఇజ్జత్ ఎంత పోయిందో, దానిది గూడ గంతే పోయింది. కూసో."

ప్రతి దసరాకు నాయిన, గనిలో పోయిన దోస్తుల పేరు మీద మొదటి చుక్కలు నేల మీద పోస్తాడు. రేపు ఆ మూత నన్నే తీయమన్నాడు. తీస్తాను.

తప్పనిపించినవాళ్లు కామెంట్‌లో రాయండి. కానీ ఈ సాయంత్రం ఆ వరుసలో మీరు ఎక్కడ నిలబడ్డారో ముందు రాయండి.