బేవార్స్‌గాళ్ల అడ్డా

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం ఇదే మొదలు. అయినా మా గల్లీ పోరగాళ్ల గురించి చెప్పాలి.

ఎల్బీనగర్‌లో మేము కిరాయికి ఉండే ఇంటి ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. వినాయకుణ్ణి అందులోనే కూర్చోబెడతారు. మిగతా రోజుల్లో అది పోరగాళ్ల అడ్డా. బండ్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే మా అత్త కిటికీలోంచి తిట్టేది.

"బేవార్స్‌గాళ్లారా, పనీపాటా లేదా మీకు?"

"నువ్వు తిడ్తెనే మాకు పొద్దు పోతది అవ్వా! జర ఛాయ్ పోయరాదు!"

తిడుతూనే పోసేది.

మలక్‌పేట నుంచి వచ్చి మా ఇంటి కింద మిషన్ కుట్టే చాచా ఒకరోజు ఆ తిట్టు విని నవ్వాడు. "గది మా ఉర్దూ మాటమ్మా. బేవారిస్. వారిస్ అంటే వారసుడు. సచ్చినా 'నావోడు' అని వచ్చేటోళ్లు లేనోణ్ణి అట్ల అంటరు. ఇప్పుడు ఖాళీగ తిరిగే పోరగాళ్లందరికీ అంటగట్టిన్రు."

అత్త నాలుక కరుచుకుంది. మర్నాడు మళ్లీ అదే తిట్టు.

పోయిన చలికాలంలో అత్త దవాఖానలో చనిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి ఇంటి ఓనరు గేటు దగ్గర ఉన్నాడు.

"శవాన్ని లోపలికి తేవద్దండీ. అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం, ఏమీ అనుకోకండి."

కిరాయి ఇళ్లలో ఇది మామూలే. ఆయన్ని తప్పుపట్టను. కానీ నల్గొండ దగ్గర మా ఊళ్లో ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. చుట్టాలు చివరిచూపుకు బయలుదేరారు. తల్లిని ఎక్కడ దించాలో తెలియక మా ఆయన అంబులెన్స్ డోరు పట్టుకుని నిలబడిపోయాడు.

షెడ్డులోంచి ఒక పోరడు వచ్చాడు.

"అన్నా, అవ్వను మా అడ్డాకు తీస్కరా."

"గణపతి జాగ కదరా, ఎవలన్న ఏమన్న అంటరేమో."

"అంటే మమ్మల్నే అంటరు. అవ్వ తిట్లు తిన్నోళ్లం, మాకు అలవాటే."

బండ్లు పక్కకు తీశారు. నేల కడిగారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఐస్ బాక్స్ తెచ్చారు. చుట్టాలందరూ చూసేదాకా ఒక్కరూ ఇంటికి పోలేదు. మా ఆయన నిప్పుకుండ పట్టుకుని ముందు నడిస్తే, భుజాలు మార్చుకుంటూ పాడె మోసింది వాళ్లే.

ఇప్పుడు ఛాయ్ నేను పోస్తున్నాను.

"అవ్వ లెక్క ఒక్కసారన్న తిట్టు వదినా," అంటారు.

ఆ మాట నోటిదాకా వస్తుంది. చాచా చెప్పిన అర్థం గుర్తొచ్చి ఆగిపోతాను.

"తాగుర్రి, సల్లారుతది," అంటాను.